మౌనంగా నిలబడిన పిల్లలు

గత సంవత్సరం ఆగస్టు మొదటి వారంలో ఒకనాడు అస్ర్ నమాజు ముగించుకొని మదరసా వరండాలో కూర్చుని ఉండగా, మా బస్తీకి చెందిన ఒక తండ్రి నా వద్దకు వచ్చారు. ఆయన చేతిలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఏడవ తరగతి చదువుతున్న తన కుమార్తెకు టి.సి. ఇప్పించవలసిందిగా కోరుతూ ప్రధానోపాధ్యాయునికి రాసిన అర్జీ అది. "హజ్రత్, బడిలో ఇచ్చే ముందు మీకొకసారి చూపిద్దామని వచ్చాను" అన్నారాయన.

సంగతి ఇది. స్వాతంత్ర్య దినోత్సవ కార్యక్రమానికి ఆ పాఠశాలలో సాధన జరుగుతోంది. దేశాన్ని దేవతా రూపంలో చిత్రించిన ఒక పటాన్ని అలంకరించి, పిల్లలు వరుసగా వచ్చి పూలు వేసి, హారతి ఇచ్చి, చేతులు జోడించి మొక్కాలని నిర్ణయించారు. తన వంతు వచ్చినప్పుడు ఆ బాలిక మాట్లాడకుండా పక్కకు తప్పుకొని నిలబడింది. "నీకు ఈ దేశం మీద ప్రేమ లేదా?" అని ఉపాధ్యాయురాలు తరగతి అందరి ముందు అడిగారు. ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. మూడు రోజులుగా బడికి వెళ్లలేదు.

"ఈమాన్ కన్నా చదువు ఎక్కువా హజ్రత్? మాన్పించేస్తాను" అన్నారు ఆ తండ్రి. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

నేను ఆ కాగితం తీసుకొని, "భాయీ, దీనిని రెండు రోజులు నా దగ్గర ఉండనివ్వండి" అన్నాను. అలా అనడానికి ఒక కారణం ఉంది. సుమారు ఇరవై ఏళ్లకు పూర్వం ఇటువంటి ప్రశ్నతోనే ఒక బాలుడు నా వద్దకు వచ్చాడు. బడిలో పాడించే ఒక గీతం తాను పాడవచ్చునా అని అడిగాడు. నేను కితాబులోంచి తల ఎత్తకుండానే "వద్దు" అన్నాను. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఆ పిల్లవాడు నా "వద్దు"ను తనకు తోచినట్లు అర్థం చేసుకున్నాడు. మరునాడు జనగణమన పాడే వేళ అందరూ లేచి నిలబడితే తాను కూర్చుండిపోయాడు. దెబ్బలు తిన్నాడు, తర్వాత బడి మానాడు. ఇప్పుడు అతడు ఒక పంక్చర్ దుకాణంలో పని చేస్తున్నాడు. ఎదురైనప్పుడల్లా ఎంతో అదబుతో సలాం చేస్తాడు. ఆ సలాం అందుకున్న ప్రతిసారీ నేను చెప్పిన సగం జవాబు నాకు గుర్తుకు వస్తుంది.

మిగిలిన సగం జవాబును ఈ వ్యాసంలో రాయాలని నా ప్రయత్నం.

కేరళలో ముగ్గురు పిల్లలు

మన దేశంలో ఈ సమస్యపై వెలువడిన అతి ముఖ్యమైన తీర్పు ముస్లిం పిల్లలకు సంబంధించినది కాదు. కేరళ రాష్ట్రం కొట్టాయం జిల్లాకు చెందిన ముగ్గురు క్రైస్తవ పిల్లలకు, ఒక అన్నకూ ఇద్దరు చెల్లెళ్లకూ సంబంధించినది. వారు పదవ, తొమ్మిదవ, అయిదవ తరగతులు చదువుతుండేవారు. వారి కుటుంబం "యెహోవా సాక్షులు" అనే చిన్న శాఖకు చెందినది. తమ ప్రభువుకు చేసే ప్రార్థన తప్ప మరే విధమైన ఆచారగీతంలోనూ గొంతు కలపరాదన్నది ఆ శాఖవారి విశ్వాసం. అందువల్ల ఉదయపు ప్రార్థన సమయంలో ఆ పిల్లలు జాతీయగీతం పాడేవారు కారు. అయితే గీతం పూర్తయ్యేవరకు తక్కిన పిల్లలతో పాటే నిటారుగా, గౌరవంగా నిలబడేవారు. వారి అక్కలు కూడా అదే బడిలో అదే విధంగా చదువుకొని వెళ్లారు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

1985 జులైలో ఒక శాసనసభ్యుడు ఈ సంగతి గమనించి శాసనసభలో ప్రస్తావించారు. విచారణకు ఒక సంఘాన్ని నియమించారు. ఆ పిల్లలు చట్టాన్ని గౌరవించేవారేననీ, జాతీయగీతాన్ని అవమానించలేదనీ ఆ సంఘమే తేల్చి చెప్పింది. అయినప్పటికీ విద్యాశాఖ అధికారి ఆదేశంపై 1985 జులై 26న వారిని బడి నుండి తొలగించారు. తండ్రి కేరళ హైకోర్టును ఆశ్రయించాడు. అక్కడ ఓడిపోయాడు. చివరకు సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

1986 ఆగస్టు 11న వెలువడిన "బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ కేరళ రాష్ట్రం" తీర్పును రాసినవారు జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. ఆయన తెలుగువారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. జస్టిస్ ఎం.ఎం. దత్ ఆయనతో పాటు ధర్మాసనంలో ఉన్నారు. ఆ తీర్పులోని ముఖ్యాంశాలను ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి.

మొదటిది: జాతీయగీతాన్ని ప్రతి ఒక్కరూ పాడి తీరాలని నిర్బంధించే చట్టమేదీ లేదని న్యాయస్థానం గుర్తించింది. 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం గీతాలాపనను అడ్డుకునేవారిని, ఆలపిస్తున్న సభకు భంగం కలిగించేవారిని శిక్షిస్తుంది. గౌరవంగా నిలబడి మౌనం వహించినవారు ఆ కోవలోకి రారు. రెండవది: విద్యాశాఖ జారీ చేసిన సర్క్యులర్లకు చట్టబలం లేదు. వాటిని ఆధారం చేసుకొని 19వ అధికరణం ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యాన్ని గానీ, 25వ అధికరణం ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛను గానీ హరించజాలరు. మూడవది అన్నింటికన్నా లోతైనది. ఒకరి మతవిశ్వాసం న్యాయమూర్తికి సబబుగా తోచిందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఆ విశ్వాసాన్ని ఆ వ్యక్తి నిజాయితీగా తన మతంలో భాగంగా పాటిస్తున్నాడా అన్నదే ప్రశ్న. పిల్లలను తిరిగి చేర్చుకోవలసిందిగా న్యాయస్థానం ఆదేశించింది. సహనం మన సంప్రదాయంలోనూ తత్త్వంలోనూ రాజ్యాంగంలోనూ ఉన్నదనీ, దానిని పలచబరచవద్దనీ హితవు చెప్పి తీర్పును ముగించింది.

ఆ శాఖవారి విశ్వాసాలతో మనకు ఏకీభావం లేదు. అయినా వారి ముగ్గురు పిల్లలు ఏడాదికి పైగా సాగిన పోరాటంతో తెరిచిన ద్వారం గుండానే నేడు మన పిల్లలు కూడా నడుస్తున్నారు. ఈ ఋణాన్ని మనం మరచిపోకూడదు.

యుద్ధకాలంలో ఒక దేశం దిద్దుకున్న తప్పు

"అందరూ ఇలా తమకు నచ్చని ఆచారాల నుండి తప్పుకుంటే దేశ సమైక్యత ఏమవుతుంది?" అని కొందరు అడుగుతారు. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. సరిగ్గా ఈ ప్రశ్ననే అమెరికా సుప్రీంకోర్టు ఎదుర్కొంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మైనర్స్‌విల్ అనే ఊరిలో అదే శాఖకు చెందిన ఇద్దరు పిల్లలు జెండాకు వందనం చేయలేదని బడి నుండి బహిష్కరించారు. 1940లో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరొకవైపు నిలువగా ఆ బహిష్కరణను న్యాయస్థానం సమర్థించింది. జాతీయ సమైక్యతే జాతీయ భద్రతకు పునాది అన్నది ఆనాటి వాదం.

తీర్పు వెలువడిన తర్వాత అనేక చోట్ల మూకలు ఆ శాఖవారిపై విరుచుకుపడ్డాయి. మెయిన్ రాష్ట్రంలో వారి ప్రార్థనా మందిరాన్ని తగులబెట్టారు. సమైక్యత కోసం ఇచ్చిన తీర్పు పొరుగువారిని పొరుగువారి పైకి ఉసిగొల్పింది. రెండేళ్లకే ముగ్గురు న్యాయమూర్తులు తాము పొరపడ్డామని బహిరంగంగా ఒప్పుకున్నారు. 1943 జూన్ 14న, రెండవ ప్రపంచయుద్ధం నడుస్తున్న కాలంలోనే, అదే న్యాయస్థానం వెస్ట్ వర్జీనియాకు చెందిన బార్నెట్ కేసులో తన పాత తీర్పును రద్దు చేసింది. జెండా వందనానికి గానీ ప్రతిజ్ఞకు గానీ ఏ బిడ్డనూ బలవంతపెట్టరాదని ప్రకటించింది. సైనికులు సరిహద్దుల ఆవల ప్రాణాలు అర్పిస్తున్న వేళ కూడా ఆ దేశం ఒక బాలిక మౌనానికి భయపడలేదు. జస్టిస్ చిన్నపరెడ్డి తమ తీర్పులో ఈ కేసులను కూడా పరిశీలించారు.

బలవంతం వల్ల కలిగే నష్టమేమిటో మనకు ధర్మం ముందే తెలియజేసింది. మతం విషయంలో బలాత్కారానికి తావు లేదని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోని 256వ ఆయతు బోధిస్తోంది. అల్ మునాఫిఖూన్ సూరా ఆరంభంలో, నాలుకతో సాక్ష్యమిస్తూ హృదయంలో దానిని నమ్మనివారి ప్రస్తావన ఉంది. వారి సాక్ష్యాన్ని అల్లాహ్ స్వీకరించలేదు. హృదయం లేని మాట ప్రభువు సన్నిధిలోనే చెల్లనప్పుడు, దేశానికి మాత్రం ఎలా ఉపయోగపడుతుంది? బెదిరింపుతో పలికించిన దేశభక్తి కపట విశ్వాసుల సంఖ్యను పెంచుతుందే తప్ప దేశభక్తుల సంఖ్యను పెంచదు.

హబషా రాజసభలో అదబు

అయితే నిరాకరించడం ఎలా? దీనికి మనకు ఒక ఉజ్జ్వలమైన ఆదర్శం ఉంది. మక్కాలో హింస భరించలేనంతగా పెరిగినప్పుడు దైవప్రవక్త (స) తమ అనుచరులలో కొందరిని హబషా దేశానికి వలస వెళ్లమన్నారు. ఆ రాజు నజాషీ క్రైస్తవుడు, న్యాయశీలి. ఖురైషులు ఆ శరణార్థులను వెనక్కి తెచ్చుకొనేందుకు కానుకలతో దూతలను పంపారు. రాజసభలో ప్రవేశించినవారు రాజు ముందు సాష్టాంగపడటం అక్కడి ఆచారం. హజ్రత్ జాఫర్ బిన్ అబూతాలిబ్ (రజి) సలాం చేశారు కానీ సజ్దా చేయలేదు. కారణం అడిగినప్పుడు, తాము అల్లాహ్‌కు తప్ప మరెవరికీ సజ్దా చేయబోమని వినయంగా విన్నవించారు. ఈ ఉదంతం ముస్నద్ అహ్మద్‌లో ఉంది.

ఆ సందర్భం గమనించండి. వారు పరాయి దేశంలో ఉన్నారు. ఆ రాజు ఒక్క మాట అంటే శత్రువుల చేతిలో పడతారు. అయినా సజ్దా చేయలేదు. అదే సమయంలో సభను ధిక్కరించలేదు. రాజును తూలనాడలేదు. ఆ దేశ ప్రజల విశ్వాసాన్ని ఎగతాళి చేయలేదు. సలాం చేశారు, ప్రశ్నకు జవాబు చెప్పారు, మర్యం సూరా నుండి పఠించారు. విన్న రాజు కంట నీరు పెట్టుకున్నాడు.

ఈ కథలో మనం తరచుగా చెప్పుకోని మరొక భాగం ఉంది. కొంతకాలానికి నజాషీ రాజ్యంపై ఒక ప్రత్యర్థి తిరుగుబాటు చేశాడు. నది ఆవలి ఒడ్డున యుద్ధం జరిగింది. రాజుకు సజ్దా చేయడానికి నిరాకరించిన ఆ ముస్లిములే అతని విజయం కోసం కన్నీటితో దుఆ చేశారు. వారిలో పిన్న వయస్కుడైన హజ్రత్ జుబైర్ (రజి) తోలుతిత్తిలో గాలి నింపుకొని, దాని ఆసరాతో నైలు నది ఈది వెళ్లి యుద్ధ సమాచారం తెచ్చారు. నజాషీ గెలిచాడన్న వార్త విన్ననాడు తమకు కలిగిన ఆనందాన్ని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితాంతం గుర్తుంచుకొని చెప్పేవారు. ఆశ్రయమిచ్చిన నేలపై వారికున్న విశ్వాసం సజ్దాలో కనిపించలేదు, ఆపద వేళ కనిపించింది.

మన పిల్లలకు నేర్పవలసిన పాఠం ఇదే. ఆరాధన విషయంలో తల వంచకూడదు. మర్యాద విషయంలో లోటు రానివ్వకూడదు. దేశానికి మేలు చేయడంలో అందరికన్నా ముందుండాలి.

ఏది ఆరాధన, ఏది మర్యాద?

నా పాత జవాబులోని లోపం ఈ విచక్షణ నేర్పకపోవడమే. ప్రతి జాతీయ కార్యక్రమాన్నీ ఒకే గాటన కట్టడం ధర్మజ్ఞానం కాదు.

జాతీయ జెండా ఎగురవేయడం, దాని ముందు నిటారుగా నిలబడటం గౌరవసూచకాలు. ఏటా ఆగస్టు 15న, జనవరి 26న మన మదరసాలలో జెండా ఎగురవేస్తూనే ఉన్నాం. ఆ జెండా కోసం జైళ్లకు వెళ్లినవారిలో ఉలమాలు ఎందరో ఉన్నారు. దేవ్‌బంద్‌కు చెందిన మౌలానా మహమూద్ హసన్ మాల్టా ద్వీపంలో బ్రిటిష్ వారి చెరలో సంవత్సరాలు గడిపారు. ఇక జనగణమన గీతాన్ని మన పిల్లలు తరతరాలుగా పాడుతూనే ఉన్నారు. దానిని రచించిన రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మన మదనపల్లెలో బస చేసినప్పుడే దానికి ఆంగ్లానువాదం చేశారు. బడిలో చేయించే ప్రతిజ్ఞను 1962లో రచించినవారు నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. తోటి భారతీయులను సహోదరులుగా భావించాలనీ, తల్లిదండ్రులను, గురువులను, పెద్దలను గౌరవించాలనీ అది నేర్పుతుంది. వీటిని నిరాకరించమని పిల్లలకు చెప్పడం వారిపై లేని భారాన్ని మోపడమే అవుతుంది.

వందేమాతరం విషయం వేరు. దాని తొలి చరణాలలో నేల వర్ణన ఉంది. తరువాతి చరణాలలో దేశాన్ని దుర్గాదేవిగా స్తుతించారు. అల్లాహ్‌ను తప్ప అన్యులను ఆరాధించని వ్యక్తికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఈ చిక్కును మొదట గుర్తించినది మనమే అని కూడా అనుకోనక్కరలేదు. ఠాగూరే 1937లో సుభాష్ చంద్రబోస్‌కు రాసిన లేఖలో ఈ సంగతి స్పష్టం చేశారు. ఆ సంవత్సరం జాతీయ కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలనే పాడాలనీ, దానికి బదులుగా అభ్యంతరం లేని మరో గీతాన్ని పాడుకొనే స్వేచ్ఛ కూడా ఉండాలనీ తీర్మానించింది. గీతాన్ని పరిశీలించేందుకు నియమించిన ఉపసంఘంలో నెహ్రూ, బోస్, ఆచార్య నరేంద్రదేవ్‌లతో పాటు మౌలానా అబుల్ కలాం ఆజాద్ కూడా ఉన్నారు. ఆ పెద్దలలో ఎవరి దేశభక్తిని ఎవరు శంకించగలరు? ఆ గీతాన్ని ప్రేమించేవారి హృదయాన్ని మనం గాయపరచనక్కరలేదు. వారు పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడి మౌనం వహించవచ్చు. పటానికి హారతి ఇవ్వడం, మొక్కడం వంటివి మాత్రం స్పష్టంగా పూజా విధానాలు. వాటిలో పాల్గొనమని ముస్లిం బిడ్డను ఒత్తిడి చేయడం తగదు.

త్రాసు రెండు వైపులా

న్యాయాన్ని కోరేవాడు ముందు తాను న్యాయంగా ఉండాలి. మనవారే అధికారంలో ఉన్నప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 1938లో నిజాం పాలన కింద ఉన్న హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాలలోని హిందూ విద్యార్థులు తమ ప్రార్థనా స్థలంలో వందేమాతరం పాడటాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు. వారిని బహిష్కరించారు. ఎందరో తమ చదువు కోసం నాగపూర్ విశ్వవిద్యాలయానికి వెళ్లవలసి వచ్చింది. తదుపరి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు కూడా ఆ విద్యార్థులలో ఒకరు.

పాడనందుకు బడి నుండి గెంటివేయడం అన్యాయమైతే, పాడినందుకు గెంటివేయడం కూడా అన్యాయమే. మొదటిది మనకు బాధ కలిగించి రెండవది కలిగించకపోతే, మనం కోరుతున్నది అంతరాత్మ స్వేచ్ఛ కాదు, మన పక్షపు గెలుపు మాత్రమే.

ఈ మాట నేటికీ వర్తిస్తుంది. మన యాజమాన్యంలో నడిచే పాఠశాలలలో ముస్లిమేతర పిల్లలు చదువుతున్నారు. ప్రభుత్వ గుర్తింపు గానీ ఆర్థిక సహాయం గానీ పొందే విద్యాసంస్థలో, తన సమ్మతి లేకుండా, మైనరు అయితే సంరక్షకుని సమ్మతి లేకుండా, ఏ విద్యార్థినీ మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కమ్మని నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఈ అధికరణం మన బిడ్డను కాపాడినట్లే మన బడిలోని పొరుగు బిడ్డను కూడా కాపాడుతుంది. దుఆ పఠించే వేళ ఆ పిల్లలు మౌనంగా నిలబడితే మన ఉపాధ్యాయులు ఎలా చూస్తున్నారు? నజ్రాన్ క్రైస్తవుల బృందం మదీనా వచ్చినప్పుడు, వారు తమ పద్ధతిలో ఆరాధన చేసుకోవడానికి దైవప్రవక్త (స) తమ మస్జిదులోనే అనుమతించారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. మనకు అంతకు మించిన ప్రమాణం మరొకటి లేదు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఇటువంటి పరిస్థితి మీ ఇంటికి వస్తే మొదట బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి. బడిలో జరిగినది ఆరాధనా, మర్యాదా అన్నది తేల్చుకోండి. సందేహముంటే తెలిసిన ఆలిమును అడగండి. ఆ ఆలిము కూడా నేనొకప్పుడు చెప్పినట్లు సగం జవాబు చెప్పకుండా ఉండాలి.

బిడ్డ భయంతో ఆ పని చేసి వచ్చి ఉంటే కోప్పడకండి. హింసకు తాళలేక హజ్రత్ అమ్మార్ (రజి) నోట రాకూడని మాట వచ్చినప్పుడు, హృదయం విశ్వాసంతో స్థిరంగా ఉన్నవారిపై నింద లేదని అన్ నహ్ల్ సూరాలోని 106వ ఆయతు ఊరట కలిగించింది. పెద్దవారికే ఆ కారుణ్యం లభించినప్పుడు పసిపిల్లలకు ఎందుకు లభించదు?

తర్వాత బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయునితో స్వయంగా మాట్లాడండి. గుంపుగా వెళ్లవద్దు. ఫోనులో వీడియోలు తీసి పంచవద్దు. బిడ్డ ఏది చేయలేదో చెప్పేముందు ఏమేమి చేయడానికి సిద్ధంగా ఉందో చెప్పండి. అవసరమైతే 1986 నాటి తీర్పును గుర్తు చేయండి. అన్నింటికన్నా ముఖ్యంగా, టి.సి. కాగితం మొదటి అస్త్రం కాకూడదు. ఆడపిల్ల ఒకసారి బడి మానితే తిరిగి వెళ్లడం ఎంత కష్టమో మన బస్తీలలో అందరికీ తెలుసు. విద్యను అభ్యసించడం మన ధర్మంలో విధి అన్న సంగతి మరువవద్దు.

ఆ తండ్రీ నేనూ రెండు రోజుల తర్వాత పాఠశాలకు వెళ్లాము. ప్రధానోపాధ్యాయులు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా విన్నారు. పటం ముందు హారతి అన్నది ప్రభుత్వ ఆదేశం కాదనీ, తామే చేర్చుకున్న అంశమనీ చెప్పారు. "అమ్మాయి మరేమి చేస్తుంది?" అని అడిగారు. "జెండా ముందు నిలబడుతుంది సార్, జనగణమన పాడుతుంది, ప్రతిజ్ఞ అంతా దానికి కంఠస్థం" అన్నారు తండ్రి. ఆయన కొంతసేపు ఆలోచించి, అయితే ప్రతిజ్ఞను ఆమే చెప్పించాలన్నారు.

ఆగస్టు 15న నేను ఆ బడి గేటు వద్ద నిలబడి విన్నాను. మైకులో ఆ పిల్ల ఒక్కొక్క వాక్యం పలుకుతుంటే, వందలాది గొంతులు వెంట పలికాయి. మొదటి రెండు వాక్యాలలో ఆమె కంఠం వణికింది, తర్వాత నిలదొక్కుకుంది. ఆనాడు తరగతిలో ఆ మాట అన్న ఉపాధ్యాయురాలు దానిని ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. పిల్ల కూడా దానిని మరచిపోలేదు. కానీ ఇప్పుడు ఎనిమిదవ తరగతి చదువుతోంది. ఆమె తండ్రి రాసిన టి.సి. అర్జీ నా బీరువాలో అలాగే ఉంది, ఆయన దానిని మళ్లీ అడగలేదు.

మన సంతానానికి తౌహీద్‌పై స్థిరత్వాన్ని, తోటి మానవులపై మమకారాన్ని, పుట్టిన నేలపై ప్రేమను అల్లాహ్ ప్రసాదించుగాక! ఇతరుల అంతరాత్మను గౌరవించే న్యాయబుద్ధిని పెద్దలమైన మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.